నలభయ్యో నంబరు ఇల్లు

1854 సెప్టెంబర్ 1, శుక్రవారం పొద్దున. లండన్‌లో సోహో. ఆగస్టు ఉక్కపోత ఇంకా వదల్లేదు. బెర్విక్ స్ట్రీట్‌లో సెయింట్ ల్యూక్ చర్చి ముందు మీరు నిలబడి ఉన్నారు. ఒక కుర్ర పాస్టరు గబగబా బయటికి వస్తున్నాడు. పేరు హెన్రీ వైట్‌హెడ్, ఇరవై ఎనిమిదేళ్ళవాడు. ఈ చర్చిలో క్యూరేట్, అంటే పెద్ద పాస్టరు కింద పనిచేసే సహాయకుడు. ఇంటింటికీ తిరిగి మంచీ చెడ్డా కనుక్కోవడం ఆయన పని. ఇవాళ ఏ ఇంటికి ముందు వెళ్ళాలో ఆయనకే తెలియడం లేదు. ఆయన వెనకే నడవండి.

ఈ వీధులన్నీ సెయింట్ జేమ్స్ పారిష్, అంటే చర్చి పేరు మీద ఉన్న పాలనా విభాగం, కిందికి వస్తాయి. ఒకప్పుడు దొరలు కట్టించుకున్న ఇళ్ళివి. దొరలు పడమటి పేటలకు తరలిపోయారు. ఇప్పుడు గదికొక కాపురం. దర్జీలు, చెప్పులు కుట్టేవాళ్ళు, కూలీలు, చాకలి పని చేసుకునే ఆడవాళ్ళు. 1851 జనాభా లెక్కల్లో ఈ బెర్విక్ స్ట్రీట్ చుట్టుపక్కల ఎకరానికి 432 మంది తేలారు. లండన్ మొత్తంలో ఇంత కిక్కిరిసిన చోటు ఇంకొకటి లేదు. ఇళ్ళ మధ్యలోనే ఆవుల కొట్టాలు, కబేళాలు, పేగులు ఉడకబెట్టే కొట్లు. చాలా ఇళ్ళకు నేలమాళిగలో పాయిఖానా గొయ్యి. అది నిండితే ఎత్తిపోయడానికి డబ్బు అడుగుతారు కాబట్టి నిండినా అలాగే ఉంటుంది.

మెట్లెక్కండి. చేతికి ఆసరా దొరకదు, కటకటాలు ఎప్పుడో పొయ్యిలోకి పోయాయి. రెండో అంతస్తులో తలుపు బార్లా తెరిచి ఉంది. మంచం మీద ఒక మనిషి. నిన్న సాయంత్రం దాకా సూదీ దారంతో కూర్చున్నవాడే. ఇప్పుడు కళ్ళు లోపలికి పీక్కుపోయాయి, పెదవులూ గోళ్ళూ నీలంగా మారాయి, అరచేతి చర్మం రాత్రంతా నీళ్ళలో నానినట్టు ముడతలు పడింది. పిక్కలు పట్టేసి మెలికలు తిరుగుతున్నాడు. మంచం పక్కన బాల్చీలో ఉన్నది విరేచనమని చెబితేగాని తెలియదు. రంగు లేదు, పెద్దగా వాసన లేదు, బియ్యం కడిగిన నీళ్ళలా ఉంది. ఒంట్లోని నీరంతా అలా జారిపోతోంది. అన్నిటికన్నా భయంకరం, ఆయనకు తెలివి పూర్తిగా ఉండటం. పాస్టరును గుర్తుపట్టాడు. దాహం, దాహం అంటున్నాడు. భార్య కూజా తీసుకుని కిందికి పరిగెత్తింది. ఎక్కడికో మీకు కాసేపట్లో తెలుస్తుంది.

డాక్టర్లు నల్లమందు ఇస్తున్నారు, బ్రాందీ పోస్తున్నారు, కొందరైతే ఆముదం కూడా పట్టిస్తున్నారు. పోయిన నీటిని, ఉప్పును తిరిగి ఒంట్లోకి ఎక్కించాలన్న ఆలోచనను 1832లోనే థామస్ లాటా అనే స్కాట్లాండ్ డాక్టరు చేసి చూపించాడు. నరంలోకి ఉప్పునీళ్ళు ఎక్కించి కొందరిని లేపి కూర్చోబెట్టాడు కూడా. ఆ తర్వాత ఆ పద్ధతి మూలన పడింది. వైద్య చరిత్రలో నాకు బాగా కోపం తెప్పించే సంగతుల్లో ఇదొకటి.

మధ్యాహ్నానికల్లా వైట్‌హెడ్‌కు లెక్క తప్పింది. నిన్నటి గురువారం ఒక్కరోజే ప్రాణం తీసేంత కలరా 56 మందికి మొదలైంది. ఇవాళ 143 మందికి. రేపు 116 మందికి. రేపటి శనివారం ఒక్కరోజు చావులు 127. ఇదంతా మీరు పది నిమిషాల్లో చుట్టి రాగల నాలుగైదు వీధుల్లో. ఇక్కడికి దగ్గర్లోని మిడిల్‌సెక్స్ ఆసుపత్రికి రోగుల్ని బండ్ల మీద చేరవేస్తున్నారు. అక్కడ వాళ్ళను అందుకుని మంచాలకు చేరుస్తున్నవాళ్ళలో ఒకామె ఫ్లారెన్స్ నైటింగేల్. ఆమె క్రిమియా యుద్ధానికి బయల్దేరడానికి ఇంకా కొన్ని వారాలుంది.

ఇప్పుడు కిందికి దిగి బ్రాడ్ స్ట్రీట్‌లోకి రండి. పేరుకు తగ్గట్టు కొంచెం వెడల్పైన వీధి. కేంబ్రిడ్జ్ స్ట్రీట్ వచ్చి కలిసే చోట చేతిపంపు. చుట్టూ కూజాలు, బాల్చీలు, వంతు కోసం చూస్తున్న పిల్లలు. ఇందాకటి ఆవిడ కూడా ఇక్కడే ఉంది. ఈ నీళ్ళకు పేటలో మంచి పేరు. చల్లగా, తేటగా ఉంటాయి. దగ్గర్లోనే మార్ల్‌బరో స్ట్రీట్‌లో ఇంకో పంపుంది గాని దాని నీళ్ళు కంపు కొడతాయని జనం దాన్ని దాటుకుని మరీ ఇక్కడికి వస్తారు. సారా దుకాణాల్లో మందులో కలిపేది ఈ నీళ్ళే. చిన్న కొట్లలో పొడి కలిపి పిల్లలకు షర్బత్‌గా అమ్మేదీ ఈ నీళ్ళే. తాగి చూడాలనిపిస్తుందా? వద్దు.

వీధుల్లో సున్నం కలిపిన క్లోరిన్ పొడి చల్లుతున్నారు. దాని ఘాటు గొంతు పట్టుకుంటుంది. ఎందుకంటే జబ్బు గాలిలో ఉందని అందరి నమ్మకం. కుళ్ళు వాసనే విషమని పెద్ద పెద్ద డాక్టర్లు, ఆరోగ్య బోర్డు వాళ్ళు, పత్రికలవాళ్ళు అంతా ఒక మాట మీద ఉన్నారు. 1665 ప్లేగులో పోయినవాళ్ళను పాతిపెట్టిన గొయ్యి ఈ పేటలోనే ఉందని, కొత్త మురుగు కాలవ తవ్వినప్పుడు ఆ పాత విషం పైకి లేచిందని వీధిలో గుసగుసలు. ఆ మాటను కొట్టిపారేయకండి. కళ్ళముందు ఇంటికొకరు పోతుంటే మనిషికి ఏదో ఒక కారణం కావాలి, రెండువందల ఏళ్ళ నాటి శవాలైనా సరే.

ఆదివారం సాయంత్రం. వీధి సగం ఖాళీ అయింది. మూట కట్టుకోగలిగినవాళ్ళు కట్టుకున్నారు. ఆరు రోజులు తిరక్కుండా ఈ వీధుల్లో ముప్పావు వంతు జనం వెళ్ళిపోతారు. పంపు దగ్గర ఒక పెద్దమనిషి ఒంటరిగా నిలబడి నీళ్ళు పట్టి వెలుతురుకు ఎత్తి చూస్తున్నాడు. జాన్ స్నో. వయసు 41. కొద్ది దూరంలో శాక్‌విల్ స్ట్రీట్‌లో ఉంటాడు. మత్తుమందు ఇవ్వడంలో దేశంలోనే పేరున్న డాక్టరు. నిరుడు విక్టోరియా రాణి ఎనిమిదో కాన్పుకు క్లోరోఫాం ఇచ్చింది ఈయనే. కలరా నోటిగుండా, నీళ్ళతో పాకుతుందని 1849 నుంచీ చెబుతున్నాడు. వినేవాళ్ళు తక్కువ. ఈ వేసవంతా థేమ్స్ నదికి దక్షిణాన ఇల్లిల్లూ తిరుగుతూ ఏ ఇంటికి ఏ కంపెనీ నీళ్ళు వస్తున్నాయో రాసుకుంటున్నాడు. నగరం మురుగు కలిసిన నది నీళ్ళు సరఫరా చేసే కంపెనీ ఇళ్ళలో పదివేల ఇళ్ళకు 315 చావులు, నదిలో బాగా ఎగువన నీళ్ళు తోడే కంపెనీ ఇళ్ళలో 37. ఆ పని మధ్యలో ఉండగానే సొంత పారిష్‌లో ఇది వచ్చిపడింది.

గ్లాసులో నీళ్ళు తేటగానే ఉన్నాయి. స్నోకు అనుమానం వచ్చింది, తన అనుమానం మీదే. అయినా అక్కడితో ఆగలేదు. జనన మరణాల రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్ళి ఆ వారం రాసుకున్న కలరా చావుల జాబితా తెచ్చుకున్నాడు. చివరి మూడు రోజులవి 83. ఆ కాగితం పట్టుకుని గుమ్మం గుమ్మం ఎక్కాడు. 83 మందిలో 73 మంది ఇళ్ళు ఈ పంపుకే దగ్గర. మిగతా పదిమంది ఇళ్ళకు వేరే పంపులు దగ్గర. అందులో అయిదుగురి ఇళ్ళవాళ్ళు రుచి కోసం ఎప్పుడూ ఇక్కడికే మనుషుల్ని పంపేవారు. ఇంకో ముగ్గురు పిల్లలు, వాళ్ళ బడి ఈ పంపు దగ్గరే. చావుల చోట్లు నల్ల గీతలతో చూపించిన ఆయన మ్యాపును ఇవాళ పాఠ్యపుస్తకాల్లో అచ్చేస్తున్నారు. ఆ మ్యాపు చూసే ఆయన గుట్టు కనిపెట్టాడని మనం అనుకుంటాం. మ్యాపు తర్వాత గీసింది. ముందు అరిగినవి కాళ్ళు.

ఆయనతో నాలుగు గుమ్మాలు తిరిగి చూద్దాం.

పోలండ్ స్ట్రీట్‌లో వర్క్‌హౌస్. దిక్కులేనివాళ్ళకు పని చెప్పి కూడు పెట్టే సర్కారు సత్రం. లోపల 535 మంది బక్కప్రాణులు. చుట్టూ ఉన్న ఇళ్ళల్లో చావులే. వాసనే చంపేటట్టయితే ముందు పోవలసింది వీళ్ళు. వీధిలో పోయిన లెక్కన ఇక్కడ వందమందికి పైగా పోవాలి. పోయింది అయిదుగురు. లోపల వాళ్ళకు సొంత బావి ఉంది, కంపెనీ కుళాయి నీళ్ళూ వస్తాయి. బ్రాడ్ స్ట్రీట్‌కు కూజా పంపాల్సిన పని లేదు.

పంపుకు కూతవేటు దూరంలో బీరు తయారుచేసే కార్ఖానా. డెబ్భై మందికి పైగా కూలీలు. ఒక్కరూ చావలేదు. కూలీలకు రోజూ బీరు ఇస్తారు, నీళ్ళ జోలికి పోరు. అదీగాక వాళ్ళకూ సొంత బావి ఉంది. ఇవాళ ఆ వీధి మూల మీద జాన్ స్నో పేరుతో ఒక బీరు దుకాణం ఉంది. ఆయన జీవితంలో ఎక్కువ కాలం మందు ముట్టని మనిషి. వాళ్ళు ఆ సంగతి పట్టించుకున్నట్టు లేదు.

అదే వీధిలో 37వ నంబరు. తుపాకులకు వాడే క్యాపులు తయారుచేసే ఈలీ సోదరుల కార్ఖానా. రెండొందల మంది పనివాళ్ళు. వాళ్ళు తాగడానికి ఎప్పుడూ రెండు తొట్ల నిండా పంపు నీళ్ళు సిద్ధంగా ఉంటాయి. యజమానులు మంచికే పెట్టించారు. 18 మంది పోయారు. ఈ యజమానుల తల్లి విధవరాలు, దూరంగా హాంప్‌స్టెడ్ గుట్ట మీద ఉంటుంది. అక్కడ కలరా లేదు. ఆమెకు పాత వీధి నీళ్ళ రుచి మీద మమకారం. రోజూ బండి మీద ఒక పెద్ద సీసా వెళ్తుంది. గురువారం వెళ్ళిన సీసా నీళ్ళు ఆమె తాగింది, చూడటానికి వచ్చిన మేనకోడలూ తాగింది. శనివారానికి ఆమె లేదు. మేనకోడలు ఇజ్లింగ్టన్‌లో తన ఇంటికి తిరిగి వెళ్ళి అక్కడ పోయింది. ఈ రెండు చావులూ సోహో గాలి పీల్చనివాళ్ళవి. నన్నడిగితే దీని మీద స్నో రాసిన పుస్తకం మొత్తంలో ఈ సీసా ఒక్కటి చాలు.

ఒక కాఫీ కొట్టావిడ ఉంది. మధ్యాహ్నం భోజనానికి వచ్చే పనివాళ్ళకు పంపు నీళ్ళే పెడుతుంది. 6వ తేదీన స్నో అడిగితే తన దగ్గరికొచ్చేవాళ్ళలో తొమ్మిదిమంది పోయారని చెప్పింది.

మర్నాడు గురువారం, సెప్టెంబర్ 7 రాత్రి. పేదల బాగోగులు చూసే పారిష్ గార్డియన్ల బోర్డు కూర్చుంది. స్నో లోపలికి వెళ్ళి చెప్పాడు. వాళ్ళు పూర్తిగా నమ్మి ఒప్పుకున్నారని చెప్పలేం. చేయడానికి వాళ్ళ చేతిలో ఇంకేమీ మిగల్లేదు. శుక్రవారం, 8వ తేదీన, పంపు పిడి ఊడదీశారు. కూజాలతో వచ్చినవాళ్ళు తిట్టుకుంటూ వెనక్కి పోయారు.

ఇక్కడ కాస్త ఆగుదాం. పిడి తీయగానే కలరా ఆగిపోయిందని కథ. స్నో తన చేత్తో వేసిన పట్టికే ఆ మాట ఒప్పుకోదు. 2వ తేదీన 127 చావులు, 4న 71, 6న 37, 8న 30. అప్పటికే దిగుతోంది. జనం పారిపోయారు, మిగిలినవాళ్ళలో చాలామంది అప్పటికే పడిపోయారు. ఈ సంగతి స్నో దాచుకోలేదు, తనే రాశాడు. అంతా అయ్యాక లెక్క 616 దగ్గర తేలింది.

మరి పిడి తీసి లాభమేమిటి? దానికి జవాబు ఆరు నెలల తర్వాత దొరికింది. దొరకబుచ్చుకున్నది స్నో కాదు, మన కుర్ర పాస్టరు.

శీతాకాలంలో పారిష్ పాలకవర్గం విచారణ కమిటీ వేసింది. స్నోనూ, వైట్‌హెడ్‌నూ అందులో వేసుకున్నారు. వైట్‌హెడ్‌కు స్నో మాట అసలు నచ్చలేదు. పంపు నీళ్ళు తాగి బతికినవాళ్ళను తను చూశాడు. పంపు కింది బావి తెరిపించి చూస్తే లోపల ఇటుకలు బాగానే ఉన్నాయన్నారు. నిజంగా బావిలో విషం పడితే ఎవరు పోశారు, ఎప్పుడు? ఆగస్టు 31కి ముందు ఈ వీధిలో కలరా రోగే లేడు కదా. స్నో తప్పని నిరూపిద్దామనే బయల్దేరాడు. కాకపోతే ఆయనకు ఈ ఇళ్ళన్నీ తెలుసు, ఆయనంటే తలుపు తీస్తారు. ఒక్కో గుమ్మానికి మూడుసార్లు, నాలుగుసార్లు వెళ్ళాడు. పోయినవాళ్ళు ఏం తాగారు, ఎవరు తెచ్చిచ్చారు, ఏ రోజు, ఏ పూట. అడిగేకొద్దీ లెక్క తనకే ఎదురు తిరిగింది. బ్రాడ్ స్ట్రీట్‌లో పంపు నీళ్ళు తాగినవాళ్ళలో అయిదుగురికి ముగ్గురి చొప్పున జబ్బుపడ్డారు. తాగనివాళ్ళలో పదిమందికి ఒకరైనా లేరు.

1855 వసంతంలో ఒకరోజు ఆయన పక్కన కూర్చోండి. ముందు రిజిస్ట్రారు లెక్కల కాగితాలు పరిచి ఉన్నాయి. వేరే ఏదో వెతుకుతున్నాడు. వేలు ఒక పంక్తి దగ్గర ఆగింది. బ్రాడ్ స్ట్రీట్ 40వ నంబరు, సెప్టెంబర్ 2, అయిదు నెలల ఆడపిల్ల, నాలుగు రోజుల కిందట విరేచనాలు పట్టుకుని నీరసించి మృతి.

కలరా అన్న మాట అందులో లేదు. అందుకే ఇన్నాళ్ళూ ఎవరి కన్నూ ఆగలేదు. ఎందుకు ఆగుతుంది? కలరా లేని మంచి ఏడాదిలో కూడా ఆ రోజుల ఇంగ్లండులో పుట్టిన ప్రతి వెయ్యి మందిలో సుమారు 150 మంది ఏడాది నిండకుండానే పోయేవారు. విరేచనాలు, తట్టు, కోరింత దగ్గు, జ్వరం, ఏదో ఒకటి. 1842లో పారిశుధ్య సంస్కర్త ఎడ్విన్ చాడ్విక్ వేసిన లెక్కలో బెత్నల్ గ్రీన్ పారిష్‌లో పెద్దమనుషుల కుటుంబాలకు చావు సగటు వయసు 45, వ్యాపారులకు 26, కూలీ కుటుంబాలకు 16. ఈ పదహారును చూసి పదహారేళ్ళకు పోయేవారనుకోకండి. అంతమంది పసిబిడ్డలు పోతేనే సగటు అంత కిందికి దిగుతుంది. ఇక్కడికి దగ్గర్లోనే డీన్ స్ట్రీట్‌లో రెండు గదుల్లో కాపురముంటున్న కార్ల్ మార్క్స్ ఆ ఇరుకులో అయిదేళ్ళలో ముగ్గురు పిల్లల్ని పోగొట్టుకున్నాడు. మూడోవాడు ఎడ్గార్ పోయింది 1855 ఏప్రిల్‌లోనే. అలాంటి చోట అయిదు నెలల పాప విరేచనాలతో పోతే అది వార్త కాదు, రిజిస్టరులో ఒక పంక్తి. ఆరువందల చావుల గుట్టు ఆ పంక్తిలో ఉంది.

వైట్‌హెడ్ కాగితాలు మూసి నేరుగా 40వ నంబరుకు వెళ్ళాడు. తల్లి సారా లూయిస్ ఇంట్లోనే ఉంది. ఆగస్టు 28న, అంటే ఊరంతా కూలడానికి మూడు రోజుల ముందు, పాపకు మొదలైందట. గుడ్డలు బాల్చీలో జాడించి ఆ నీళ్ళు ఎక్కడ పారబోశావమ్మా? కొన్ని వెనక దొడ్లో, కొన్ని ఇంటి ముందు నేలమాళిగ గొయ్యిలో. ఇంటి ముందు గొయ్యి! దానికి అటుపక్కనే పంపు.

పారిష్ వాళ్ళు సర్వేయరు యార్క్‌ను పంపి తవ్వించారు. గుంట అంచున నిలబడి చూడండి. గొయ్యి గోడల ఇటుకలకు పట్టు లేదు, చేత్తో లాగితే ఊడి వస్తున్నాయి. దానికి కలిసే పాత మురుగు తూము గారా అంతా కుళ్ళిపోయింది. చుట్టూ మట్టి ఊబిలా నాని నల్లగా ఉంది. ఆ తడి బావి వైపు దారి చేసుకుని పోయిన ఆనవాళ్ళు స్పష్టంగా కనిపిస్తున్నాయి. గొయ్యికీ బావికీ మధ్య దూరం కొలిచారు. రెండడుగుల ఎనిమిది అంగుళాలు. బావిని లోపలినుంచి చూసి బాగుందన్నవాళ్ళు బయటినుంచి చూడలేదు.

ఇక పిడి సంగతి. పాప తండ్రి థామస్ లూయిస్ పోలీసు కానిస్టేబుల్. ఆయనకు కలరా పట్టుకున్నది సెప్టెంబర్ 8న. సరిగ్గా పిడి ఊడదీసిన రోజు. పదకొండు రోజులు కొట్టుకుని 19న పోయాడు. ఆ పదకొండు రోజులూ ఆ భార్య బాల్చీలు నింపి పారబోసింది అదే గొయ్యిలో. బావిలోకి దారి తెరిచే ఉంది. పంపు పనిచేస్తూ ఉంటే, అప్పుడప్పుడే ఇళ్ళకు తిరిగొస్తున్న జనం అవే కూజాలతో అక్కడికే వచ్చేవారు. కాబట్టి ఆ పిడి మొదటి కలరాను ఆపలేదు, రెండోదాన్ని రానివ్వలేదు. గార్డియన్లు పూర్తిగా నమ్మకుండానే చేసిన పని ఎన్నో ప్రాణాలు కాపాడి ఉంటుంది.

నమ్మకం మాత్రం అంత తేలిగ్గా రాలేదు. కేంద్ర ఆరోగ్య బోర్డు వేసిన శాస్త్రీయ కమిటీ స్నో వాదానికి ఆధారం లేదని తోసిపుచ్చింది. పంపుకు కొన్నాళ్ళకు పిడి మళ్ళీ బిగించారు. స్నో 1858లో, 45 ఏళ్ళకే పోయాడు. 1866లో కలరా లండన్ తూర్పు పేటల మీద పడి నగరంలో అయిదున్నర వేల మందికి పైగా తీసుకుపోయింది. ఆ చావుల లెక్కలు చూసిన రిజిస్ట్రారు ఆఫీసు గణాంకవేత్త విలియం ఫార్ ఒకప్పుడు గాలి వాదమే పట్టుకున్నవాడు. ఈసారి ఆయనే చావులు ఏ నీళ్ళ కంపెనీ పరిధిలో పడుతున్నాయో చూసి, ఓల్డ్ ఫోర్డ్ దగ్గర మూతలేని చెరువు నీళ్ళు వదిలిన ఈస్ట్ లండన్ కంపెనీని పట్టుకున్నాడు. ఆ విచారణకు సాయం చేసినవాళ్ళలో హెన్రీ వైట్‌హెడ్ ఉన్నాడు. లండన్‌లో మళ్ళీ కలరా అలా విరుచుకుపడలేదు, 1866దే ఆఖరు.